కందెన నుంచి క్లియర్‌కోటు దాకా: హైదరాబాదు ఉత్తర శివారులో బండ్లు కడిగిన చరిత్ర

హైదరాబాదుకు ఉత్తరాన, సికింద్రాబాదు నుంచి బొల్లారం మీదుగా మేడ్చల్ చేరే రైలుమార్గం మీద, నాగపూర్ వెళ్ళే జాతీయ రహదారికి చేరువలో ఉన్న గుండ్లపోచంపల్లి, 2018లో పురపాలక సంఘం అయ్యేంతవరకు గ్రామపంచాయతీగానే ఉండింది. ఈ ప్రాంతపు పెద్దల జ్ఞాపకం ఎంత వెనక్కి వెళ్ళగలదో అంతలోనే ఎడ్లబండి, సైకిలు, లారీ, స్కూటరు, కారు వరసగా వచ్చాయి. ఒకటి రాగానే వెనకటిది వెళ్ళిపోలేదు కాబట్టి కొంతకాలం ఇవన్నీ ఒకే వాడలో పక్కపక్కన నిలిచాయి కూడా. బండి మారినంత త్వరగా దాన్ని శుభ్రం చేసే అలవాటు మారలేదన్నదే ఇక్కడ పరిశీలించదగిన విషయం. ఎడ్లబండిని కడిగిన తీరు లారీకి, లారీని కడిగిన తీరు స్కూటరుకు, స్కూటరును తుడిచిన తీరు కారుకు సంక్రమించాయి గాని, ఆ వరసలో చివరిదైన కారు పైపూత మాత్రం ఆ అలవాట్లను తట్టుకోలేనిదిగా తేలింది. ఇవాళ ‘డిటెయిలింగ్’ పేరుతో, అంటే బండి ఒంటి మీది ప్రతి భాగాన్నీ దాని పదార్థానికి తగిన పద్ధతిలో విడివిడిగా శుభ్రపరచి కాపాడే పనిగా, ఇళ్ళలో నేర్చుకుంటున్న జాగ్రత్తలలో ముఖ్యమైనవి గుర్రపుబగ్గీల కాలంలోనే పాటింపులో ఉండి, మధ్యలో మరుపున పడినవి.

ఎడ్లబండికి సాధారణంగా రంగు ఉండదు కాబట్టి దాన్ని శుభ్రం చేయడమంటే మెరిపించడం కాదు, సాఫీగా నడిచేటట్టు చూడడం. బండి బాగోగులన్నీ ఇరుసు దగ్గరే తేలతాయి. ఇరుసు మీద చక్రం తిరిగేచోట రాపిడి తగ్గించడానికి, వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి చేసే చిక్కటి నల్లటి ముద్దకు కందెన అని పేరు. ఆముదం తెలంగాణ మెట్టపొలాల పాత పంట కావడం వల్ల ఈ ముద్దకు కావలసిన సరుకంతా ఊళ్ళోనే దొరికేది. అయితే జిడ్డుకు దుమ్ము అంటుకోకుండా ఉండదు. ఇసుకరేణువులు కలిసిన కందెన ఇరుసును కాపాడడానికి బదులు దాన్నే అరగదీస్తుంది కాబట్టి, పాతదాన్ని గోనెపట్టాతో పూర్తిగా తుడిచిన తరువాతనే కొత్తది పెట్టడం పద్ధతి. సుమతీశతకంలో ఒక పద్యం కరణాన్ని మంచి చేసుకోవడాన్ని ఇరుసుకు కందెన పెట్టడంతో పోలుస్తుంది. కరణాల మీద ఆ కవికి ఉన్న అభిప్రాయం ఎలాంటిదైనా, బండి సంగతి మాత్రం ఆయనకు బాగా తెలుసునని ఒప్పుకోవలసిందే.

నీటితో కడగడం ఏడాదిలో కొన్ని సందర్భాలకే పరిమితమయ్యేది. ఎండాకాలం చివర పెంట తోలిన బండిలోనే కోతల తరువాత వడ్లబస్తాలు రావాలి, పెళ్ళిళ్ళప్పుడు దాని మీదే గుడిసె కట్టి ఆడవాళ్ళు, పిల్లలు కూర్చోవాలి కాబట్టి, ఆ మధ్యలో బండిని చెరువులోకి దింపి ఎడ్లతో పాటు రుద్ది కడిగేవారు. ఇలా దింపడంలో శుభ్రతకు మించిన ప్రయోజనం మరొకటి ఉంది. ఎండకు చక్రపు కొయ్య ఎండి కుంచించుకుపోతే, దాని చుట్టూ వేడిచేసి తొడిగిన ఇనుప పట్టా వదులవుతుంది. చక్రాన్ని కొంతసేపు నీళ్ళలో నానబెడితే కొయ్య ఉబ్బి పట్టా మళ్ళీ బిగుస్తుంది. ఆ విధంగా నీళ్ళు ఎంత ఎక్కువసేపు తగిలితే బండికి అంత మంచిదన్న నమ్మకం ఈ ప్రాంతపు రైతులకు అనుభవం నుంచే కలిగింది. ఇనుముతో చేసిన బండ్ల విషయంలో అదే నమ్మకం నష్టం చేస్తుందని తరువాతి కాలంలో గాని తెలియలేదు.

బండిని నలుగురి కళ్ళకు ఇంపుగా కనిపించేటట్టు ముస్తాబు చేయడం జాతరలకు చెందిన ఆచారం. పక్కనున్న మెదక్ ప్రాంతంలో ఏడుపాయల వనదుర్గ జాతరలో, శివరాత్రి తరువాత, అలంకరించిన బండ్లను గుడి చుట్టూ తిప్పడం ప్రసిద్ధమైన ఆనవాయితీ. ఆ ఊరేగింపు కోసం బండిని కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, రంగుగుడ్డలు, మామిడాకులు కట్టే ఏర్పాట్లలో తరువాతి కాలపు వాహనపూజ మొత్తం సూక్ష్మంగా కనిపిస్తుంది.

రంగు పూసిన, వార్నిషు పట్టించిన బండ్లు ఈ దిక్కున మొదట కనిపించవలసింది బొల్లారంలోనే. హైదరాబాదు కంటింజెంటు అని పిలిచిన సైన్యం, బ్రిటిషు రెసిడెంటు విడిది (నేటి రాష్ట్రపతి నిలయం) అక్కడ ఉండడం వల్ల, బగ్గీలు, వాటి గుర్రాలను చూసే సైసులు, గడ్డి కోసే మనుషులు ఆ దండుకు ఆనుకొని జీవించారు. బగ్గీ పైపూత అనేక పొరల నూనెరంగు మీద అంతే ఓపికగా వేసిన వార్నిషు. అది ఆరడానికే వారాలు పట్టేది, గీత పడితే దాన్ని సరిచేయడం పెద్ద ఖర్చు. అందువల్ల ఆనాటి బగ్గీల సంరక్షణలో కొన్ని నియమాలు కచ్చితంగా ఉండేవి. బురదను ఒంటి మీద ఎండనీయకూడదు, ఎండిన దుమ్మును పొడిగుడ్డతో తుడవకూడదు, ముందు ధారాళంగా నీళ్ళు పోసి మట్టిని వదిలించిన తరువాతనే స్పాంజి తాకించాలి, చివరకు మెత్తటి షామీ తోలుతో తడి ఆర్చాలి, ఎండలో కడగకూడదు. గుర్రపుశాల నుంచి వచ్చే అమోనియా ఆవిరి వార్నిషును పాడుచేస్తుంది కాబట్టి బగ్గీని శాలకు దూరంగా నిలపడం కూడా ఆ నియమాలలో ఒకటి. ఇంత జాగ్రత్తకు కావలసిన సమయం సైసుది, బగ్గీ యజమానిది కాదు. ఖరీదైన పైపూత ఉన్నచోటల్లా దాన్ని చూసుకునే జీతగాడు ఒకడు ఉండడం ఆ కాలపు ఏర్పాటు.

తొలి మోటారుకార్లు ఈ బగ్గీల వారసులే. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1911లో ఆర్డరు చేసిన రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ‘సింహాసనపు కారు’కు బాడీ కట్టినది లండనులో బగ్గీలు కట్టే పనిలో పేరుపడ్డ బార్కర్ సంస్థ, ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో కనిపించే దాని పసుపు రంగు ఆసఫ్‌జాహీల పతాకపు రంగు. ఆ ఏడాదే మహబూబ్ అలీ ఖాన్ మరణించగా, కారు ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో అరుదుగా మాత్రమే రోడ్డెక్కింది. నడవని బండిని ఏళ్ళ తరబడి తుడుస్తూ ఉండడం ఒక ఉద్యోగంగా సాగడం సంస్థానపు భోగాలలో విచిత్రమైనదే. 1923, 24 సంవత్సరాలలో అమెరికాలో డ్యూపాంట్ సంస్థ డ్యూకో అనే నైట్రోసెల్యులోజు లాకరును, అంటే ద్రావణి ఆవిరి కాగానే గట్టిపడే రంగును, కార్లకు ప్రవేశపెట్టిన తరువాత వారాల పని గంటలలోకి దిగింది. ఆ పేరు మన మెకానిక్ షెడ్లలో స్థిరపడి, ఏ సంస్థ రంగు కొట్టినా డ్యూకో పెయింటింగ్ అనడం ఇప్పటికీ ఉంది. బండి రంగు చవకయ్యాక దాని పట్ల భయమూ తగ్గింది.

1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే తన రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో ప్రారంభించింది. అదే వంశక్రమంలో 1958 జనవరిలో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. బస్సు రాత్రి డిపోకు చేరాక లోపల ఊడ్చి, బయట కడిగి, తెల్లవారే సరికి సిద్ధం చేయడం నిత్యకృత్యం కావడంతో, బండి కడగడం మొదటిసారిగా గడియారంతో ముడిపడ్డ పని అయింది. ప్రైవేటు లారీలలో ఈ పని చేసే మనిషికి క్లీనరు అని పేరు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం కార్మికుడి నిర్వచనంలో డ్రైవరు, కండక్టరుల సరసన క్లీనరును కూడా చేర్చింది. నిజానికి అతని పనులలో శుభ్రం చేయడం ఒక భాగం మాత్రమే. టైర్లను రాడ్డుతో కొట్టి గాలి చూడడం, ఎత్తు మీద ఆగినప్పుడు చక్రం కింద రాయి పెట్టడం, రివర్సులో వెనక నిలబడి కేకలు వేయడం, సరుకు దగ్గర కాపలా పడుకోవడం, డ్రైవరు దయ కలిగినప్పుడు ఖాళీ రోడ్డు మీద స్టీరింగు పట్టి నేర్చుకోవడం వీటన్నిటి మధ్య కడగడం కూడా ఉంటుంది. ఒక తరం లారీ డ్రైవర్లలో చాలామంది ఇలా బకెట్టు, గుడ్డలతో మొదలైనవారే.

మేడ్చల్ మీదుగా నిజామాబాదు, నాగపూర్‌ల వైపు సాగే దారి చాలాకాలం 7వ నంబరు జాతీయ రహదారి. 2010 నాటి కొత్త లెక్కలో 44వ నంబరు పొందింది. ఇలాంటి దారి పక్కన చెరువు కనిపిస్తే లారీని అంచుదాకా దింపి కడగడం ఎడ్లబండి నుంచి నేరుగా వచ్చిన అలవాటు. లారీ కొయ్యబాడీకి చేత్తో పూసిన ఎనామెలు రంగు మందంగా, మొండిగా ఉంటుంది. గడ్డిచుట్టతో రుద్దినా, ఇసుకతో తోమినా దానికి పెద్దగా పోయేదేమీ లేదు. గీతలు పడితే పండుగకో, ఎఫ్‌సీ పరీక్షకో, అంటే బండి రోడ్డు మీద తిరగడానికి తగినదని ధ్రువపత్రం తీసుకునే సమయానికో, మళ్ళీ రంగు పడుతుంది. చెరువుకు మాత్రం ఆ తేడా తెలిసింది. ఎడ్లబండి నుంచి నీళ్ళలోకి పోయేది పేడ, మట్టి, కొంచెం ఆముదం. లారీ నుంచి పోయేది ఇంజనాయిలు, గ్రీజు, డీజిలు. అవి నీటి మీద పొరగా పరుచుకొని గాలి సోకనీయవు కాబట్టి మొదట నష్టపోయేది చేప, దానితో పాటు చెరువు మీద బతికే ముదిరాజులు, గంగపుత్రులు. 1974 నాటి జలకాలుష్య నివారణ చట్టం వచ్చినా, దాని కన్ను కర్మాగారాల గొట్టాల మీద నిలిచినంతగా కట్ట మీద బకెట్టు పట్టుకున్న క్లీనరు మీద నిలవలేదు, నిలవవలసినంత పెద్ద నేరస్థుడు కూడా అతను కాడు.

రంగు పూసిన సొంత బండిని సొంత చేతులతో కడగడం ఈ ప్రాంతంలో సైకిలుతో మొదలై స్కూటరుతో స్థిరపడింది. బాలానగర్‌లో ఐడీపీఎల్, చింతల్‌లో హెచ్ఎంటీ వంటి ప్రభుత్వరంగ కర్మాగారాలు 1960లలో వచ్చాక, చుట్టుపక్కల ఊళ్ళలో షిఫ్టు ఉద్యోగం, నెలజీతం, వారానికొక సెలవు అనే మూడూ కలిగిన కొత్త వర్గం ఏర్పడింది. వీరి సైకిలుకు ఏటా ఒకసారి ఓవరాలింగ్ చేయించడం, అంటే భాగాలన్నీ విప్పి, చైనును కిరోసిన్‌లో నానబెట్టి, బాల్‌బేరింగులకు కొత్త గ్రీజు పెట్టించడం, దుకాణం పని. రోజూ రిమ్ములూ ఫోకులూ తుడుచుకోవడం మాత్రం ఇంటి పనే. 1972లో వచ్చిన బజాజ్ చేతక్ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూడవలసి వచ్చేది. 1942లో మొదలై బస్సుల బాడీలు కట్టిన హైదరాబాదు ఆల్విన్ సంస్థ కూడా పుష్పక్ పేరుతో స్కూటర్లు తయారుచేసింది. అంత నిరీక్షణ తరువాత దొరికిన వస్తువును పనివాడికి అప్పగించడానికి ఎవరి చెయ్యీ రాదు కదా.

ఆదివారం పొద్దున వాకిట్లో స్కూటరును స్టాండు వేసి నిలబెట్టి చేసే పనికి ఒక స్థిరమైన క్రమం ఉండేది. ముందు పక్క డిక్కీ మూత తీసి స్పార్కుప్లగ్గు విప్పి, నల్లటి మసిని గీకుడు కాగితంతో రుద్ది తీసేవారు. రెండు స్ట్రోకుల ఇంజను పెట్రోలుతో పాటు ఆయిలును కూడా కాలుస్తుంది కాబట్టి ప్లగ్గుకు మసి, సైలెన్సరు మూతి దగ్గర జిగురు నలుపు తప్పవు. ఆ నలుపును కిరోసిన్‌లో ముంచిన పాత పళ్ళబ్రష్షుతో వదిలించి, తరువాత ఒంటికి సర్ఫు నీళ్ళు పట్టించి, బకెట్టు నీళ్ళతో కడిగి, పసుపురంగు డస్టరు గుడ్డతో తుడిచేవారు. భారతదేశంలో సర్ఫ్ 1959లోనూ, నిర్మా 1969లోనూ వచ్చి, బట్టల కోసం తయారైన క్షార గుణం గల పొడులు ప్రతి ఇంటి పెరట్లో అందుబాటులో ఉండడమే ఈ సర్ఫు నీళ్ళ వాడకానికి అసలు కారణం, అంతకు మించిన శాస్త్రం ఏదీ లేదు. నీళ్ళు బ్రేకు డ్రమ్ములోకి పోతే కొంతదూరం బ్రేకు పట్టదని, ప్లగ్గు తొడుగులోకి పోతే కిక్కులు కొట్టి కాలు నొప్పి పుట్టడమే మిగులుతుందని ప్రతివారికీ అనుభవమే. ఎవరికీ అంతగా కనిపించనిది అడుగుభాగం. చేతక్ ఒళ్ళంతా ఉక్కురేకు. ఫుట్‌బోర్డు రబ్బరు మ్యాటు కింద నిలిచిన తడి, నెలల తరబడి పైకి ఏమీ తెలియకుండా రేకును తినేది. చక్రాన్ని నానబెట్టిన ఎడ్లబండి కాలపు ధీమా ఇక్కడ పనికిరాలేదు.

దసరా వీటన్నిటికీ ఏడాది లెక్కల పుస్తకం మూసే రోజు వంటిది. ఆయుధపూజ రాజుల కత్తుల నుంచి కమ్మరి సుత్తెకు, దర్జీ కత్తెరకు, ఆ తరువాత లారీకి, స్కూటరుకు విస్తరించింది. కడిగిన బండికి పసుపు కుంకుమలు దిద్ది, బంతిపూల దండ వేసి, గుమ్మడికాయ దిష్టి తీసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి ముందుకు నడపడం గుండ్లపోచంపల్లి అపారెల్ పార్కుకు సరుకు తెచ్చే వ్యాను నుంచి కళాశాల విద్యార్థి బైకు దాకా అందరికీ ఒకటే. కొత్త బండి కొన్నవారు ముందుగా తాడ్‌బండ్ వీరాంజనేయస్వామి గుడికో, దూరమైనా యాదగిరిగుట్టకో, కొండగట్టుకో తీసుకుపోతారు. బండి ఒంటికి ఈ పూజ వల్ల కలిగే చిక్కులు చిన్నవే గాని నిజమైనవి. తడి కుంకుమ తెల్లరంగు మీద రాత్రంతా ఉంటే మరక మిగులుతుంది, దండలోని సన్నతీగ గాలికి ఊగి బానెట్టు మీద గీతలు గీస్తుంది. కుంకుమను అదే సాయంత్రం నీళ్ళతో వదిలించడం, తీగకు బదులు నూలుదారంతో దండ కట్టించడం దైవభక్తికి ఏ విధంగానూ లోటు కావు.

‘వాటర్ సర్వీసింగ్’ అని బోర్డు పెట్టుకున్న షెడ్డు లేని రోడ్డు ఇప్పుడు తెలుగునాట అరుదు. దాని వెనక ఉన్న యంత్రచరిత్ర జర్మనీది. కార్‌షర్ సంస్థ 1950లో వేడినీటి హైప్రెషర్ యంత్రాన్ని, 1984లో ఇళ్ళలో వాడుకోదగిన చిన్న యంత్రాన్ని తయారుచేసింది. ఇక్కడి షెడ్డుకు కావలసినవి ఒక బోరు, కరెంటు మోటారు, నీటిని ఒత్తిడితో నెట్టే పిస్టను పంపు, గన్ను, బండిని పైకెత్తే హైడ్రాలిక్ లిఫ్టు. కడిగిన తరువాత కమానుపట్టీల మీద, ఛాసిస్ మీద డీజిలు కలిపిన నూనె చిమ్మడం కొన్నాళ్ళు అన్నిచోట్లా ఉండింది. ఇనుముకు తుప్పు పట్టకుండా అది కొంత ఆపుతుంది, రబ్బరు బుష్షులను మాత్రం మెత్తబరచి ఉబ్బిస్తుంది. కందెన పెట్టిన పల్లెకు ఈ నూనెవాసన వింతగా తోచకపోవడం సహజమే. షెడ్డు నడవడం బోరు మీద ఆధారపడినది కాబట్టి, బోర్ల తవ్వకాన్ని నియంత్రించడానికి 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం, జనం వాల్టా అని పిలిచేది, ఈ వ్యాపారానికి కూడా సంబంధించినదే.

1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 తాళంచెవి ఢిల్లీలో చేతులు మారిన తరువాత, కారు మెల్లమెల్లగా ఉద్యోగస్థుల ఇళ్ళకు చేరింది. మెటాలిక్ రంగులు వ్యాపించిన కొద్దీ పైపూత నిర్మాణమే మారిపోయింది. రంగు ఒక పలుచని పొర, దాని పైన రంగులేని పారదర్శకమైన మరొక పొర. ఈ రెండవదాన్నే క్లియర్‌కోటు అంటారు. మెరుపంతా దానిదే. సుమారు 40 నుంచి 50 మైక్రాన్ల, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతుకు మించని, ఈ పొర అరిగిపోతే తిరిగి రాదు. స్కూటరుతో చేయి తిరిగిన మనిషి పొడి డస్టరు గుడ్డతో పొద్దున్నే బానెట్టు మీద గుండ్రంగా తుడుస్తాడు. ఎండలో చూస్తే ఆ గుండ్రటి దారులే సాలెగూడు వంటి సన్నగీతలై కనిపిస్తాయి. వాటిని స్వర్ల్ మార్కులు అంటున్నారు.

గుండ్లపోచంపల్లి దుమ్ముకు ఈ విషయంలో ప్రత్యేకత ఉంది. హైదరాబాదు పీఠభూమి సుమారు 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైటు మీద నిలిచింది. ఆ రాయి శిథిలమై ఏర్పడ్డ ఎర్రని చల్కనేలలో, అపార్టుమెంట్ల నిర్మాణానికి లారీలు తోలే ఇసుకలో, రాళ్ళు కోసిన పొడిలో ఉన్న గట్టి రేణువు పలుగురాయి, అంటే క్వార్ట్జు. ఖనిజాల కాఠిన్యాన్ని కొలిచే మోహ్స్ కొలమానంలో దాని స్థానం 7, సాధారణ ఉక్కు చాకును మించినది. అటువంటి రేణువు మీద పొడిగుడ్డ పెట్టి అదిమితే ప్లాస్టిక్ వంటి క్లియర్‌కోటుకు గీత తప్పదు. ముందు నీళ్ళు పోసి దుమ్మును జార్చకుండా గుడ్డ తాకించరాదన్న బగ్గీ నాటి నియమం, సరిగ్గా ఈ కారణం చేతనే, నూరేళ్ళ తరువాత తిరిగి వచ్చింది. ఇప్పటి పద్ధతిలో బకెట్లు రెండు. ఒకదానిలో కారు షాంపూ నీళ్ళు, రెండవదానిలో మామూలు నీళ్ళు. బండిని తాకిన గుడ్డను ప్రతిసారీ రెండవదానిలో జాడించి మట్టి వదిలించిన తరువాతనే మొదటిదానిలో ముంచాలి. పైకప్పు నుంచి మొదలుపెట్టి కిందికి రావాలి, చక్రాలకు వేరే గుడ్డ. డస్టరు స్థానంలో వచ్చిన మైక్రోఫైబరు, 1970లో జపానులో టోరే సంస్థకు చెందిన మియోషి ఒకమోటో రూపొందించిన అతిసన్నని పోగుల విద్య నుంచి ఎదిగినది. పోగుల సందుల్లో రేణువు ఇరుక్కుపోవడం వల్ల అది ఉపరితలం మీద దొర్లదు. కిందపడిన గుడ్డను దులిపి మళ్ళీ వాడితే ఈ సుగుణమే ప్రమాదమవుతుంది.

సర్ఫు నీళ్ళ మీద డిటెయిలర్లకు ఉన్న కోపం కొంత అతిగా కనిపించినా నిరాధారం కాదు. బట్టల జిడ్డు వదిలించే పొడి, కారు మీద రక్షణగా పూసిన మైనాన్ని కూడా అంతే శ్రద్ధగా వదిలిస్తుంది. ఆ మైనంలో పేరున్నది బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా; దాని స్థానంలో ఇప్పుడు సిలికా ఆధారమైన ద్రవాలు ‘సిరామిక్ కోటింగ్’ పేరుతో అమ్ముడవుతున్నాయి. అవి నీటిని, మరకను కొంతమేర నిలవనీయవు గాని, అంగళ్ళలో చెప్పినట్టు బండిని గీతలకు అతీతం చేయలేవు.

దుమ్ముకు జన్మనిచ్చిన రాయే నీటికీ గుణాన్నిచ్చింది. గ్రానైటు పగుళ్ళలో నిలిచిన బోరునీరు కాల్షియం, మెగ్నీషియం లవణాలతో కఠినంగా ఉంటుంది. భారత ప్రమాణాల ప్రకారం తాగేనీటి కాఠిన్యానికి ఆమోదయోగ్యమైన హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే ఆధారం లేనప్పుడు 600 దాకా సహించవచ్చు. ఇలాంటి నీటి బొట్టు వేసవి ఎండలో వేడి బానెట్టు మీద ఆరితే, నీరు పోయి లవణం తెల్లటి వలయంగా మిగులుతుంది. రోజుల తరబడి వదిలితే క్లియర్‌కోటులోకి దిగి గుంటవుతుంది. పల్చని వెనిగరుతో మెల్లగా తుడిచి వెంటనే మంచినీళ్ళతో కడిగితే కొత్త మరకలు పోతాయి, పాతవి పాలిష్‌తో గాని పోవు. ఈ విషయంలో వాడుకలో ఉన్న ఒక సలహా సరిగా పరీక్షకు నిలిచేది కాదు. వంటింటి ఆర్వో యంత్రం వదిలేసే నీటిని పారబోయకుండా కారు కడగమనడం నీటి పొదుపు దృష్టితో మెచ్చుకోదగినదే. అయితే ఆర్వో తాగేనీటి నుంచి తీసిన లవణాలన్నీ ఆ వదిలేసిన నీటిలోనే చేరతాయి కాబట్టి అది మామూలు బోరునీటి కన్నా ఎక్కువ మరకలు చేస్తుంది. నేల తుడవడానికి, బాత్రూములకు అది మేలు. కారుకు వాడితే నీడలో కడిగి, బొట్టు ఆరకముందే గుడ్డతో తుడిచెయ్యాలి.

నీటి పరిమాణం లెక్క మరొకటి. నిమిషానికి 12 లీటర్లు వచ్చే పైపును పావుగంట వదిలితే 180 లీటర్లు. నగరంలో ఒక మనిషి రోజు వాడకానికి ప్రణాళికాకర్తలు అనుకునే ప్రమాణం 135 లీటర్లు. రెండు బకెట్ల పద్ధతిలో ఇరవై లీటర్ల బకెట్లు రెండు, చివరి జాడింపుకు మరొకటి చాలు. 2024 మార్చిలో బెంగుళూరు జలమండలి తాగునీటితో బండ్లు కడగడాన్ని నిషేధించి 5,000 రూపాయల జరిమానా ప్రకటించినప్పుడు, ఆ నగరంలో స్థిరపడ్డ వేలాది తెలుగు కుటుంబాలు కూడా బకెట్టు, తడిగుడ్డలకు మళ్ళవలసి వచ్చింది.

మేడ్చల్ వైపు వెలసిన గేటెడ్ సముదాయాలలో, అపార్టుమెంట్లలో కారు యజమాని తిరిగి బగ్గీ యజమాని అయ్యాడు. 2018లో కండ్లకోయ కూడలి పూర్తి కావడంతో 158 కిలోమీటర్ల ఔటర్ రింగురోడ్డు వలయం మూసుకుని, నగరం ఏ మూల ఉద్యోగమైనా ఇక్కడి నుంచి రోజూ వెళ్ళి రాగలిగినదయింది. పొద్దున్నే బయలుదేరే మనిషికి కడిగే తీరిక లేదు. వాచ్‌మన్ కుటుంబమో, నెలకు ఇంత అని మాట్లాడుకున్న కుర్రాడో తెల్లవారకముందే సెల్లారులో వరసగా పది పదిహేను కార్లు తుడుస్తాడు. పని అయిందని తెలియడానికి అద్దం మీది వైపరును పైకి లేపి నిలబెట్టి పోతాడు. అది యజమానికి రసీదు, అతనికి హాజరుపట్టీ. ఒకే బకెట్టు, ఒకే గుడ్డతో అన్ని కార్లూ తుడవవలసిన వేళాకొలతల్లో మొదటి కారు మీది ఇసుక అయిదవ కారు మీద గీతలు గీయడం అతని తప్పు అనడానికి లేదు. ఆదివారం అదే యజమాని మైక్రోఫైబరు గుడ్డలు, క్లేబారు అనే జిగురుమట్టి ముద్ద, పాలిష్ డబ్బాలు ముందు పెట్టుకొని ఆ గీతలను తీసేయడానికి సగంరోజు కూర్చుంటాడు. వారమంతా తుడిచే మనిషికి రెండో బకెట్టు, నాలుగు మంచి గుడ్డలు కొనిపెట్టడం ఆ డబ్బాల కన్నా చవక.

నగరానికి 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్, తరువాత మంజీర, కృష్ణ, 2015లో ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్ళు వచ్చాయి. బోరునీటితో పోలిస్తే నది నుంచి శుద్ధిచేసి తెచ్చిన నీరు సాధారణంగా మృదువైనది, కారు మీద మరక తక్కువ చేసేది. అయితే శివారు అపార్టుమెంట్లలో పైపులు రెండు వరసలుగా వేస్తారు; ఏ నదిదైనా జనం మంజీరా నీళ్ళు అనే సరఫరా నీరు వంటింటికి, బోరునీరు మిగిలిన అన్ని అవసరాలకు. సెల్లారు కుళాయి ఆ రెండవ వరసలోనిది.